పెండ్లి నడుమ ఆగిన షట్టర్

కెమెరా కొని డబ్బు కట్టబోయేటప్పుడు కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఇంకో రెండేండ్లకు వారంటీ పొడిగించుకుంటారా?" పెండ్లి ఫొటోలతో ఇల్లు గడుపుకునే పల్లెటూరి ఫొటోగ్రాఫర్ దానికి ఏం చెప్పాలి?

మా చిన్నాయన కూతురి పెండ్లి వీరపునాయునిపల్లెలో ఇంటి ముందర పందిట్లో జరిగింది. వైశాఖమాసం. పొద్దున ఎనిమిది గంటలకే పందిరి గుంజ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. జీలకర్ర బెల్లం అయింది, తాళి కట్టడం అయింది. తలంబ్రాల పళ్లెం ముందుకు జరిపిన నిమిషంలో ఫొటోగ్రాఫర్ చేతిలోని కెమెరా ఒక వింత చప్పుడు చేసి ఆగిపోయింది. షట్టర్ సగం మూసుకొని అట్లే నిలబడింది. తెర మీద ఎర్రర్ అని పడింది.

ఆ పిల్లోడు బెదరలేదు. భుజాన ఉన్న సంచిలోంచి పాత కెమెరా బాడీ తీసి, లెన్స్ దానికి బిగించి, మళ్లీ కన్ను ఆనించాడు. అర నిమిషం కూడా పట్టలేదు. పందిట్లో ఎవరికీ తెలియలేదు. మూడో బంతిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు అడిగాను.

"ఏమప్పా, కొత్త కెమెరానే కదా. వారంటీ లేదా?"

"ఉండాది న్నా, ఇంకా నెలన్నర ఉండాది. అయితే ఏం జేచ్చావ్? ఈ ముహూర్తాల్లో నాకు పదకొండు పెండ్లిండ్లు ఉండాయి. బెంగళూరికి పంపిత్తే అది ఎప్పుడొచ్చాదో ఎవరికి తెల్సు? ఆషాడం రానీ, అప్పుడు జూచ్చాం."

ఆషాఢం వచ్చింది. కెమెరాను పెట్టెలో పెట్టి సర్వీస్ సెంటర్‌కు పంపాడు. గడువు దాటి తొమ్మిది రోజులైందని అక్కడి నుంచి కబురు. షట్టర్ మార్చడానికి అయిన ఖర్చంతా అతనే పెట్టుకున్నాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. కాగితం ప్రకారం వాళ్లు చేసినదాంట్లో తప్పు పట్టలేం. అయినా ఆ తొమ్మిది రోజుల సంగతి నన్ను చాన్నాళ్లు వదల్లేదు. వారంటీ మీద ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా అదే.

వారంటీ కాగితానికి ముహూర్తాలు తెలియవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, గురుమూఢం, శుక్రమూఢం అన్నీ దాని లెక్కలో మామూలు రోజులే. మన దగ్గర పెండ్లి ఫొటోగ్రాఫర్‌కు ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు. సంపాదించుకునే నెలలు ఏడో ఎనిమిదో ఉంటాయి. ఆ నెలల్లో కెమెరాను సర్వీసుకు పంపలేడు. పంపగలిగిన నెలల్లో కెమెరా వాడడు కాబట్టి లోపం బయటపడదు. ఏడాది వారంటీ అని పెట్టె మీద రాసి ఉన్నా, అతని చేతికి అందేది అంతకన్నా చాలా తక్కువ.

దీనికి తోడు దూరం. వీరపునాయునిపల్లె ఎర్రగుంట్ల నుంచి వేంపల్లెకు పోయే రోడ్డు మీది మండల కేంద్రం. కెమెరా కొనాలంటే ప్రొద్దుటూరో కడపో పోతారు. పెద్ద కంపెనీల సొంత సర్వీస్ కోసం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వైపు చూడాల్సిందే. రాత్రి బస్సు ఎక్కి పొయ్యి, పగలంతా అక్కడ కాచుకొని, మళ్లీ రాత్రి బస్సుకు తిరిగొస్తే ఛార్జీలు, తిండి, ఒక రోజు సంపాదన పోతాయి. కొరియర్‌లో పంపితే దారిలో దెబ్బ తగులుతుందేమోనన్న భయం ఒకటి. వస్తువును ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ అంటుంది. దాన్ని అక్కడికి చేర్చే ఖర్చు మనదే. బెంగళూరులో సర్వీస్ సెంటర్‌కు నాలుగు వీధుల అవతల ఉన్నవాడికి, వీరపునాయునిపల్లెలో ఉన్నవాడికి ఒకే కాగితం ఇస్తారు. దాని విలువ మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. నా మటుకు వారంటీ విలువను నెలల్లో కొలవను, సర్వీస్ సెంటర్‌కు ఉన్న కిలోమీటర్లలో కొలుస్తాను.

మునుపు ఇట్లా ఉండేది కాదు. 1970లో వచ్చిన యాషికా మ్యాట్ 124జి లాంటి రెండు కళ్ల కెమెరాలు మన స్టూడియోల్లో ఏండ్ల తరబడి అన్నం పెట్టాయి. వాటి బ్యాటరీ వెలుతురు కొలిచే మీటర్‌కే. షట్టర్‌కు దాంతో పని లేదు, అంతా స్ప్రింగులు, పళ్లచక్రాలు. చెయ్యి తిరిగిన మెకానిక్ పట్టణంలో ఒకడుంటే చాలు. ఇప్పటి కెమెరా కంప్యూటర్. సెన్సర్ పోయినా, లోపలి బోర్డు పోయినా విడి భాగం కంపెనీ దగ్గరే దొరకాలి. పైగా ప్రపంచంలో కెమెరాలే తగ్గిపోతున్నాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికొస్తే, 2023లో వచ్చినవి 80 లక్షల లోపే. మిగతా జనం ఫోన్‌తో సరిపెట్టుకున్నారు. అమ్మకాలు ఇంతగా పడిపోయినప్పుడు ఊరూరా సర్వీస్ కౌంటర్ పెట్టమంటే ఏ కంపెనీ పెడుతుంది?

కాగితంలో లేనివి

మన కెమెరాలు నిజంగా దేనివల్ల పాడవుతున్నాయో చూస్తే వారంటీ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

గండికోట సంగతే తీసుకోండి. పెన్నా నది కోసిన ఆ లోయ అంచున ఇప్పుడు పెండ్లికి ముందు ఫొటోలు దిగని జంట మన వైపు తక్కువ. జమ్మలమడుగు మీదుగా తెల్లవారకముందే పోతారు. ఎర్ర బండల మీద ట్రైపాడ్ మూడు కాళ్లూ ఒక తీరున నిలబడవు. లోయలోంచి ఒక్క గాలి కొడితే చాలు. కింద పడి పగిలిన లెన్స్‌కు ఏ కంపెనీ మామూలు వారంటీ వర్తించదు. డ్రోన్ బండకు తగిలితే అంతే, సర్వరాయసాగర్ జలాశయంలో పడితే అంతే.

ఇక దుమ్ము. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, పాలిషింగ్ మిషన్లు. ఆరుబయట లెన్స్ మార్చితే సన్నని తెల్లటి పొడి లోపలికి పోతుంది. జూమ్ లెన్స్ ముందుకూ వెనక్కూ కదిలినప్పుడల్లా గాలితోపాటు దాన్ని కూడా పీల్చుకుంటుంది. వానాకాలంలో సంచిలోనే వదిలేసిన లెన్స్‌కు బూజు పడుతుంది, సాలెగూడు లాంటి తెల్లటి పోగులు. దుమ్ము, బూజు, తేమ, ఇసుక, కరెంటు హెచ్చుతగ్గులు, కింద పడటం. వారంటీ కాగితం వెనక చీమల బారుగా అచ్చువేసిన షరతుల్లో వర్తించనివాటి కింద సాధారణంగా కనిపించేవి ఇవే. ఎండాకాలం కారు డిక్కీలో కెమెరా మరిచిపోతే జరిగే నష్టం కూడా ఆ కోవలోదే.

వారంటీ హామీ ఇచ్చేది తయారీలో లోపం లేదనే. మన వాడకానికి, మన వాతావరణానికి అది పూచీ పడదు.

షట్టర్ విషయం విడిగా చెప్పుకోవాలి. చాలా కెమెరాల షట్టర్‌కు కంపెనీ పరీక్షించి చూసిన ఒక లెక్క ఉంటుంది. తక్కువ ధర బాడీలకు దాదాపు లక్ష క్లిక్కులు. కెనాన్ 5డి మార్క్ 4కు లక్షన్నర, నికాన్ డి850కి 2 లక్షలు. రెండు రోజుల పెండ్లిలో 3,000 క్లిక్కులు అనుకుందాం. ఏడాదికి 40 పెండ్లిండ్లయితే 1,20,000. ఇంట్లో పిల్లల పుట్టినరోజులకు వాడే కెమెరా పదేండ్లలో తిరిగేంత దూరం పెండ్లి కెమెరా ఒక్క ఏడాదిలో తిరిగేస్తుంది. అందుకే చౌక బాడీ కొని పైన పొడిగింపు వారంటీ కట్టడం కన్నా, ఆ డబ్బు కలిపి గట్టి షట్టర్ ఉన్న బాడీ కొనడం మేలంటాను. 2021లో వచ్చిన నికాన్ జెడ్9 లాంటి కెమెరాల్లో మెకానికల్ షట్టర్ ఊసే లేదు. అరిగే భాగం ఒకటి తగ్గింది.

పొడిగింపు లెక్క

ఎలక్ట్రానిక్ వస్తువులు చెడిపోయే తీరుకు ఇంజనీర్లు ఒక గీత గీస్తారు. మొదట్లో ఎత్తుగా ఉండి, గబగబా కిందికి దిగి, చాలాకాలం చదునుగా సాగి, చివర్లో మళ్లీ పైకి లేస్తుంది. తయారీలోనే లోపమున్న వస్తువు మొదటి నెలల్లోనే బయటపడుతుంది. ఆ నెలలు కంపెనీ ఉచితంగా ఇచ్చే వారంటీలోనే ఉంటాయి. చివర్లో లేచేది అరుగుదల. మనం డబ్బు పెట్టి కొనే పొడిగింపు సాధారణంగా ఈ రెండింటి నడుమ ఉన్న చదును మీద పడుతుంది. వస్తువు పాడయ్యే అవకాశం అన్నిటికన్నా తక్కువగా ఉండే కాలానికి మనం రుసుము కడుతున్నామన్నమాట. అమెరికాలో వినియోగదారుల కోసం వస్తువులను పరీక్షించే కన్జ్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పొడిగింపు వారంటీలు చాలామటుకు దండగని ఏండ్లుగా చెబుతూ వస్తోంది. వాళ్లతో నేను ఏకీభవిస్తాను.

రెండు సందర్భాల్లో మాత్రం కట్టవచ్చు. ఆ ప్లాన్ కంపెనీ సొంతదై ఉండి, కింద పడినా తడిసినా బాగుచేస్తామని రాతలో ఉంటే ఒకటి. ఇంటి దగ్గరికే వచ్చి వస్తువు తీసుకొని తిరిగి అప్పజెబుతామని ఉంటే రెండోది. దుకాణంవాడు ఇంకెవరి తరఫునో అమ్మే ప్లాన్ అయితే మూడు మాటలు అడిగి తీరాలి. బాగుచేసేది ఎవరు, ఎక్కడ? విడి భాగాలు అసలైనవేనా? బాగు కాకపోతే ఇచ్చేది కొన్న ధరా, తరుగు పోను మిగిలినదా? జవాబు నోటితో చెబితే చాలదు, కాగితం మీద చూపించాలి.

ఉచితంగా వచ్చే వారంటీని చిన్నచూపు చూడొద్దు. అసలు వారంటీ ఎందుకు పుట్టిందో అర్థశాస్త్రవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక వ్యాసంలో వివరించాడు. పాత కార్ల బజారు ఆయనకు ఉదాహరణ. వస్తువు గుణం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఈ తేడా వల్ల మంచి సరుకు బజారులోంచి తప్పుకుంటుందని, దానికి విరుగుడుగా పుట్టిన ఏర్పాట్లలో హామీపత్రం ఒకటని ఆయన చెప్పాడు. మన దేశపు అప్పుల బజారు ప్రస్తావన కూడా ఆ వ్యాసంలో ఉంది. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో పెరిగినవాళ్లకు ఈ సిద్ధాంతం కొత్తేమీ కాదు. అంగడివాడి మాట మీద నడిచిన కాలం పొయ్యి, 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉండే గుర్తింపు లేని నగ అమ్మకూడదన్నారు. కాసు బంగారానికి ముద్ర చూసుకునే మనిషి, అంత ధర పెట్టి కొనే లెన్స్‌కు బిల్లు అడగకుండా రావడం న్యాయమేనా?

బిల్లు లేని బేరం

అడగకపోవడానికి కారణం అందరికీ తెలిసిందే. కెమెరా మీద జీఎస్టీ 18 శాతం. 80,000 ధర మీద పన్నే 14,400. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అనే మాట ఎవరికైనా తియ్యగానే ఉంటుంది. ఆ 14,400తో పాటు వారంటీ పోతుంది, కోర్టుకు పోయే దారి పోతుంది, దొంగతనమైతే పోలీసులకు చూపే ఆధారం పోతుంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

మన జిల్లాలో ఇంకో దారి ఉంది, కువైట్ దారి. కడప జిల్లా పల్లెల నుంచి అక్కడికి పోయినవాళ్లు ఎందరో. తమ్ముడు స్టూడియో పెట్టుకుంటాడంటే అన్న కష్టపడి కూడబెట్టిన దినార్లతో కెమెరా కొని సూట్‌కేసులో తెస్తాడు. ఆ ప్రేమకు వెల కట్టలేం. కానీ కెమెరా బాడీకి చాలా కంపెనీలిచ్చేది కొన్న దేశంలో చెల్లే వారంటీయే. అన్నకు ముందే చెప్పండి: నాయనా, ఇండియాలో చెల్లుతుందని రాసుంటేనే తీసుకో, లేకుంటే డబ్బు పంపు, ఇక్కడ బిల్లుతో కొనుక్కుంటా.

ఉపకరణాల సంగతి ఎక్కువ చెప్పేదేం లేదు. బ్యాటరీ, ఫిల్టర్, సంచి, ట్రైపాడ్‌కు పొడిగింపు వారంటీ డబ్బు దండగ. మెమరీ కార్డు దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్ని కార్డుల పెట్టె మీద జీవితకాల వారంటీ అని ఉంటుంది. కార్డు చెడిపోతే కొత్త కార్డు వస్తుంది, పోయిన అప్పగింతల ఫొటోలు రావు. ఆడపిల్ల కన్నీళ్లు పెట్టుకున్న ఆ నిమిషాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. రెండు కార్డులు పట్టే బాడీ కొని, ఫొటో రెండింట్లోనూ పడేట్టు పెట్టుకోవడం ఒక్కటే దానికి మందు.

గడువు తీరాక కూడా

వారంటీ అయిపోయింది కదా, ఇక దారి లేదనుకోవడం పొరపాటు. 2012 సెప్టెంబరులో వచ్చిన నికాన్ డి600 ఫొటోల్లో చుక్కలు పడుతున్నాయని ప్రపంచమంతటా జనం మొత్తుకున్నారు. షట్టర్ దగ్గర పుట్టే నలుసులు సెన్సర్ మీద పడేవి. 2014 మార్చి 15న, వినియోగదారుల హక్కుల దినం నాడు, చైనా ప్రభుత్వ టీవీ ఆ కథ ప్రసారం చేసింది. షాంఘై అధికారులు అమ్మకాలు ఆపమన్నారు. దానికి కొద్ది రోజుల ముందే, వారంటీ తీరినా సరే ఉచితంగా శుభ్రం చేసి, షట్టర్ మార్చి ఇస్తామని నికాన్ ప్రకటించింది. 2015లో డి750 షట్టర్ విషయంలోనూ అట్లే చేసింది. మీ మోడల్‌కు అలాంటి ప్రకటన ఉందేమో, డబ్బు కట్టే ముందే కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి చూసుకోండి.

చట్టం దగ్గరికి వద్దాం. "సంపాదనకు వాడే కెమెరా కదా, మాకు వినియోగదారుల కోర్టు వర్తించదంట" అని స్టూడియోవాళ్లు అంటుంటారు. అది సరికాదు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని వినియోగదారుల చట్టం తన నిర్వచనంలోనే రాసుకుంది. ఒకరిద్దరు సహాయకులను పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని, అప్పటి పాత చట్టం మీద 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అసిస్టెంట్‌తో కలిసి పెండ్లిండ్లు తీసుకునే మన పిల్లోడు నిక్షేపంగా వినియోగదారుడే.

ఇంకో మేలు కూడా ఉంది. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, దుకాణం బెంగళూరులో ఉన్నా, మీరు ఉండే చోటే కేసు వెయ్యవచ్చు. మనకది కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల దాకా చెల్లించిన వస్తువుల వివాదాలు అక్కడికే వస్తాయి. 5 లక్షల దాకా ఫీజు లేదు. గొడవ పుట్టిన రెండేండ్లలోగా వెయ్యాలి. 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యవచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. అంతకన్నా ముందు 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పండి.

మళ్లీ ఆ తొమ్మిది రోజులు గుర్తుకొస్తున్నాయి. తలంబ్రాల నాడు షట్టర్ ఆగినప్పుడే ఫోన్ చేసి, మెయిల్ పెట్టి, ఫిర్యాదు నంబరు తీసుకొని ఉంటే కథ వేరే ఉండేది. లోపం గడువులోపలే పుట్టిందని రుజువు చేతిలో ఉండేది. కెమెరా పంపడం ఆలస్యమైతే కావచ్చు, లోపం సంగతి చెప్పడం ఆలస్యం కాకూడదు. పదకొండు పెండ్లిండ్ల హడావుడిలో ఆ ఒక్క పని అతనికి తట్టలేదు. చెప్పినవాళ్లూ లేరు.

నా తీర్పు అడిగితే ఇది. పొడిగింపు వారంటీ ఇంట్లో వాడుకునేవాళ్లకు వద్దు. స్టూడియోవాళ్లు ఆ డబ్బును రెండు పనులకు వాడుకోవాలి. మొదటిది, భుజాన రెండో బాడీ. ఆ రోజు పెండ్లిని కాపాడింది వారంటీ కాదు, సంచిలోని పాత కెమెరా. రెండోది బీమా. కింద పడినా, దొంగలెత్తుకుపోయినా, మంటల్లో కాలినా వర్తించే ఆల్ రిస్క్ పాలసీలు సాధారణ బీమా కంపెనీల దగ్గర ఉన్నాయి. వృత్తికి వాడుతున్నామని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి, ప్రతి లెన్స్ సీరియల్ నంబరు చేర్పించాలి, కారులో వదిలేసిన వస్తువుకు వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. గండికోట అంచున నిలబడేవాడికి వారంటీ కన్నా ఇదే ముఖ్యం.

చివరిగా ఒక మనవి. ఇప్పుడు దుకాణాలిచ్చే బిల్లుల్లో చాలావరకు వేడికి అచ్చుపడే థర్మల్ కాగితం మీదివే. మన ఎండలకు బీరువాలో ఉన్నా సరే, అక్షరాలు వెలిసిపోవచ్చు. అప్పుడు వారంటీ మిగిలే ఉంటుంది, బిల్లు తెల్లకాగితమై ఉంటుంది. ఈ ఆదివారం కాసేపు తీరిక చేసుకొని కెమెరా పెట్టె దించండి. బిల్లు, వారంటీ కార్డు, బాడీ కింద ఉన్న సీరియల్ నంబరు, మూడింటినీ ఫొటో తీసి, మీ మెయిల్‌కు పంపుకొని, ఒక జిరాక్సు ఇంట్లో పెట్టండి. గడువు తీరే తేదీని గోడమీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. దానికి ముందు వచ్చే ఆషాఢంలోనో మూఢంలోనో కెమెరాను ఒకసారి సర్వీస్ సెంటర్‌లో చూపించి రండి.